వెనక సబ్‌ఫ్రేమ్ బుష్‌లు: మన ఉప్పుగాలికి ఏ మెటీరియల్ ఆగుతుంది?

వెనక చక్రాలతో నడిచే స్పోర్టీ కారుకి వయసు మీద పడ్డాక ఓనరు ముందుకు వచ్చే ప్రశ్న ఇది. వెనక సబ్‌ఫ్రేమ్ బుష్‌లు (వెనక చట్రానికీ బాడీకీ మధ్య ఉండే దిండ్లలాంటివి) పోయాయి. మళ్లీ రబ్బరే వేయించాలా, పాలీయూరిథేన్‌కి (పాలీ అని పిలిచే, రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్‌కి) మారాలా, ఏకంగా అల్యూమినియం కొట్టించేస్తే పీడా విరగడవుతుందా? నెట్లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లవి, ట్రాక్ మీద తిప్పేవాళ్లవి. మన సంగతి వేరు. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు వెళ్తే సముద్రం ఎక్కడో దూరంగా ఏమీ ఉండదు. మే నెల ఎండ, వానాకాలమంతా చెమ్మ, తుపాను వస్తే రోడ్డు మీద నీళ్లు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కితే మలుపు మలుపుకీ బ్రేకు, యాక్సిలరేటరు. ఇవన్నీ లెక్కలోకి తెచ్చాకే మెటీరియల్ ఎంచుకోవాలి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. రోజూ నడిపే కారుకి కొత్త కంపెనీ రబ్బరు బుష్‌లు నాలుగూ వేసి, వాటి ఖాళీల్లో పాలీ ఇన్సర్ట్‌లు పెట్టడం అన్నిటికంటే మంచి దారి. ఇంకా గట్టిగా కావాలనుకుంటే 80 షోర్ ఏ (గట్టిదనం కొలిచే స్కేలు, అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) దగ్గరలో ఉన్న పాలీఈథర్ రకం పాలీయూరిథేన్. అల్యూమినియం ట్రాక్ కారుకే. ఎందుకో వివరంగా చూద్దాం.

దానికంటే ముందు మీ కారుకి అసలు వెనక సబ్‌ఫ్రేమ్ ఉందో లేదో చూసుకోండి. పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి వాటికి వెనక ఉండేది ట్విస్ట్ బీమ్, అంటే రెండు వెనక చక్రాల్నీ కలిపే ఒకే దూలం. దాన్ని బాడీకి పట్టి ఉంచే రెండు బుష్‌లు చక్రం లేచి దిగిన ప్రతిసారీ తిరుగుతాయి, మలుపులో చక్రం దిశని కాస్త సరిచేసేలా డిజైన్ చేసి ఉంటాయి. వాటి జోలికి గట్టి మెటీరియల్‌తో వెళ్తే కారు చెడుతుంది. ఈ రాత బీఎండబ్ల్యూ 3 సిరీస్, ఫోర్డ్ మస్టాంగ్ లాంటి కార్ల గురించి. 2007లో చెన్నై ప్లాంటులో 3 సిరీస్ తయారీ మొదలైనప్పటి కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో బాగా చవగ్గా దొరుకుతున్నాయి, వాటి రబ్బరుకీ అంతే వయసు వచ్చింది.

సబ్‌ఫ్రేమ్ అంటే డిఫరెన్షియల్‌నీ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేరు పెట్టె), సస్పెన్షన్ ఆర్మ్‌లనీ మోసే ఇనుప లేదా అల్యూమినియం చట్రం. ఇది బాడీకి సాధారణంగా నాలుగు చోట్ల, ఒక్కో చోట ఒక పెద్ద బుష్ మీదుగా బిగించి ఉంటుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు చక్రాలు ముందుకి తిరిగితే డిఫరెన్షియల్ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. ఆ తోపుడంతా ఈ నాలుగు బుష్‌లే తట్టుకోవాలి.

ఎంత తోపుడో ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు. వెనక చక్రాల మీద 900 కిలోల బరువు, పొడి రోడ్డు మీద గ్రిప్ గుణకం 1, చక్రం వ్యాసార్ధం 0.32 మీటర్లు అనుకుందాం. టైరు జారకుండా రోడ్డుకి పంపగలిగే టార్క్ సుమారు 2,800 న్యూటన్ మీటర్లు. ముందు బుష్‌లకీ వెనక బుష్‌లకీ మధ్య దూరం 0.6 మీటర్లయితే ఒక్కో బుష్ మీద నిలువుగా దాదాపు 240 కిలోల తోపుడు పడుతుంది. ఇది కుదుపు లేకుండా నిలకడగా తొక్కినప్పటి మాట. క్లచ్ ఠక్కున వదిలినా, గతుకులో చక్రం గాల్లోకి లేచి మళ్లీ పట్టు దొరికినా క్షణంపాటు అంతకంటే ఎక్కువే తగులుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫస్ట్ గేరులో ఇంజన్ ఇంతకంటే ఎక్కువే ఇవ్వగలదు, కానీ టైరు జారిపోతుంది కాబట్టి బుష్ మీద నిలకడగా పడే భారానికి హద్దు పెట్టేది టైరే. ఇంజన్ రీమ్యాప్ చేయించినవాళ్ల (సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుకున్నవాళ్ల) కంటే మెత్తటి గ్రిప్ టైర్లు వేసినవాళ్లే బుష్‌ల గురించి ఎక్కువ ఆలోచించాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది కలిపేసి మాట్లాడేది. చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ బుష్ తిరుగుతుంది. సబ్‌ఫ్రేమ్ బుష్ తిరగదు, పట్టుకుని ఉంటుంది, అంతే. పాలీయూరిథేన్ మీద వచ్చే పెద్ద ఫిర్యాదులు రెండు: కీచుమంటుంది, తిరగాల్సిన చోట పట్టేస్తుంది. ఆ రెండూ తిరిగే బుష్‌లకి వర్తిస్తాయి. సబ్‌ఫ్రేమ్ దగ్గర చూడాల్సినవి వేరు: డిఫరెన్షియల్ గేర్ల ఊళ ఎంత లోపలికి వస్తుంది, గతుకు దెబ్బ బాడీ షీటుకి ఎంత చేరుతుంది, మన చెమ్మలో మెటీరియల్ ఎన్నేళ్లు నిలుస్తుంది.

రబ్బరు సంగతి చూద్దాం. కంపెనీ బుష్‌లో రబ్బరుని బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతికించి ఉంచుతారు. గట్టిదనం మామూలుగా 50 నుంచి 65 షోర్ ఏ మధ్య. మధ్యలో అరచంద్రాకారంలో ఖాళీలు కనిపిస్తాయి. అవి మెటీరియల్ మిగుల్చుకోవడానికి వదిలినవి కావు. ఖాళీ ఉన్న దిక్కులో బుష్ మెత్తగా, లేని దిక్కులో గట్టిగా ఉంటుంది. ముందువెనకలకి మెత్తగా ఉంటే గతుకు దెబ్బ తగ్గుతుంది, అడ్డంగా గట్టిగా ఉంటే మలుపులో వెనక భాగం అటూ ఇటూ ఊగదు. అందుకే బుష్‌ని ఏ కోణంలో నొక్కారన్నది ప్రాణం. 90 డిగ్రీలు తప్పుగా నొక్కితే కొత్త బుష్ వేసి కూడా కారు తేలిపోతున్నట్టుంటుంది, లోపం ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. రబ్బరుకి వయసు వేడి వల్లా, గాలిలోని ఓజోన్ వల్లా మీద పడుతుంది. డబ్బాలో ఏళ్ల తరబడి మూలపడ్డ స్టాక్ కొనొద్దు. బుష్ మీద అచ్చు వేసిన తేదీ ఉంటే చూసి తీసుకోండి.

ఆ ఖాళీల్ని నింపే పాలీ ముక్కలే ఇన్సర్ట్‌లు. సబ్‌ఫ్రేమ్ బోల్టు ఒక్కొక్కటిగా వదులు చేసి, కొద్దిగా కిందకి దించి, ముక్కని పెట్టి బిగించడమే. ప్రెస్ అక్కర్లేదు. యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడు వెనక భాగం తన్నుకునే ఫీలింగ్ చాలావరకు తగ్గుతుంది, రబ్బరు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి శబ్దం పెద్దగా పెరగదు. ఒక్క షరతు: అప్పటికే చిరిగిన రబ్బరులో ఇన్సర్ట్ పెడితే చిరుగు దాగుతుందే గాని బాగవదు.

పూర్తి పాలీయూరిథేన్ దగ్గర మన ప్రాంతం వాళ్లు ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న ఉంది: పాలియెస్టర్ రకమా, పాలీఈథర్ రకమా? పాలియెస్టర్ రకం వేడీ చెమ్మా కలిసిన చోట నీటితో రసాయనికంగా విడిపోతుంది. పైకి మామూలుగానే కనిపిస్తూ ఉండగానే లోపల బలం పోతుంది, తర్వాత జిగురుగా మారి పగుళ్లు వచ్చి పిండిలా రాలుతుంది. పాలీఈథర్ రకం చెమ్మకి బాగా ఆగుతుంది. చలిదేశంలో ఈ తేడా పట్టించుకోకపోయినా నడుస్తుంది, భావనపాడు, కళింగపట్నం వైపు తిరిగే కారుకి నడవదు. లేత్ షాపులో తేనె రంగు పాలీ రాడ్డు కొని బుష్ తిప్పించుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ రాడ్లు ప్రెస్ డైలకీ రోలర్లకీ పనికొచ్చేవి, రాపిడికీ నూనెకీ ఆగాలని పాలియెస్టర్ రకం అమ్మడం మామూలే. రంగు చూసి తెలుసుకునే దారి లేదు, డేటా షీటు అడగాల్సిందే.

గట్టిదనం విషయానికొస్తే రోడ్డుకి 75 నుంచి 80, కొంచెం మోటుగా ఫర్వాలేదనుకుంటే 85 నుంచి 90, రేసింగ్‌కి 95 షోర్ ఏ. అమ్మేవాడి మాట నమ్మక్కర్లేదు, చేతిలో పట్టే షోర్ ఏ గేజ్ తక్కువ ధరకే దొరుకుతుంది. కొలిచే చోట కనీసం 6 మి.మీ. మందం ఉండాలి, అంచుకి దగ్గరగా కొలవకూడదు, సూది నొక్కిన వెంటనే అంకె చూడాలి. ఎండలో ఉన్న ముక్క మెత్తగా చూపిస్తుంది కాబట్టి నీడలో కాసేపు ఉంచి కొలవండి. సైలెన్సర్ గొట్టానికి మరీ దగ్గరగా ఉండే బుష్ దగ్గర చిన్న హీట్ షీల్డ్ ముక్క పెట్టడం మంచిది. 80, 90 డిగ్రీలు దాటిన వేడి నిలకడగా తగిలితే పాలీ మెత్తబడుతుంది.

ఇక నైలాన్, ఎసిటాల్. డెల్రిన్ అన్న పేరుతో అందరికీ తెలిసింది ఎసిటాలే. లేత్ షాపులో రెండూ తెల్లగా ఒకేలా కనిపిస్తాయి. నైలాన్ వద్దు. రకాన్ని బట్టి తన బరువులో 6 నుంచి 9 శాతం దాకా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బి మెత్తబడుతుంది. ఎసిటాల్ 1 శాతం లోపే పీలుస్తుంది. కానీ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 65 మి.మీ. వ్యాసం ఉన్న బుష్ 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకి వెళ్తే సుమారు 0.2 మి.మీ. పెరుగుతుంది, అదే వేడికి ఇనుప రంధ్రం పెరిగేది 0.02 మి.మీ. మాత్రమే. జనవరి పొద్దున బిగుతుగా తిప్పించి ఎక్కిస్తే మే నెలలో అది తన్ను తాను నొక్కేసుకుంటుంది, అలా నలిగిన ఎసిటాల్ శాశ్వతంగా అణిగిపోతుంది. మళ్లీ చలికాలానికి వదులు. ఈ కొలతలు తెలిసిన పనివాడు చేతిలో ఉంటే తప్ప రోడ్డు కారుకి ఎసిటాల్ నేను సిఫారసు చెయ్యను.

అల్యూమినియం బుష్‌కి అసలు సాగుడే ఉండదు. 2014లో వచ్చిన ఎఫ్80 తరం ఎం3లో (3 సిరీస్‌కి స్పోర్ట్స్ రూపం) బీఎండబ్ల్యూ వెనక సబ్‌ఫ్రేమ్‌ని రబ్బరు లేకుండా నేరుగా బాడీకి బిగించింది. అది చూసి మన కారుకీ అలాగే చేయొచ్చు అనుకోవడం పొరపాటు. ఆ కారు బాడీని ఆ బిగింపుని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. ఈ46 అనే పాత తరం 3 సిరీస్‌లో రబ్బరు బుష్‌లతోనే సబ్‌ఫ్రేమ్ పట్టు దగ్గర ఫ్లోర్ షీటు పగుళ్లివ్వడం లోకమెరిగిన సమస్య. పగులు ఉన్న షీటు మీద ఘనమైన బుష్ వేస్తే ప్రతి గతుకూ ఆ పగులు మీదే పడుతుంది. కాబట్టి ఏ గట్టి బుష్ వేసేముందైనా నాలుగు పట్టుచోట్లా రస్ట్‌ప్రూఫ్ పూత గీకి, స్పాట్ వెల్డింగ్ చుక్కల చుట్టూ టార్చి వేసి చూడాలి. వెంట్రుక మందం పగులు ఉన్నా ముందు వెల్డింగ్, ప్లేటు పని చేయించాలి, బుష్ మాట ఆ తర్వాతే.

మన దగ్గర అల్యూమినియంతో ఇంకో చిక్కు ఉప్పు. ఇనుప సబ్‌ఫ్రేమ్‌లో అల్యూమినియం బుష్, మధ్యలోకి ఉప్పునీరు చేరితే అది బ్యాటరీలా పనిచేస్తుంది, తరిగిపోయేది అల్యూమినియం. తెల్లటి పొడి పేరుకుని ఉబ్బి బుష్‌ని ఎంతలా పట్టేస్తుందంటే తర్వాత దాన్ని ముక్కలుగా కోసి తీయాల్సి వస్తుంది. తప్పదనుకుంటే ఆనడైజ్ చేసినదే (పైన రక్షణ పొర కట్టించినదే) కొనండి, రంధ్రానికి ఎపాక్సీ ప్రైమర్ పలచటి పూత ఒక్కటి వేసి ఆరనివ్వండి. రాగి కలిసిన యాంటీ సీజ్ పేస్టు పూస్తే తుప్పు ఇంకా పెరుగుతుంది, వద్దు. బారువ బీచ్‌లో ఇసుక మీద కారు తిప్పిన రోజు మాత్రం ఇంటికి రాగానే కింద భాగమంతా మంచినీళ్లతో కడగాలి, బుష్ ఏదైనా సరే.

నాలుగు బుష్‌లూ ఒకే మెటీరియల్ ఉండాలి. ముందు రెండు అల్యూమినియం, వెనక రెండు పాత రబ్బరు లాంటి కలగలుపు చేస్తే భారమంతా గట్టి మూలకి పోతుంది. డిఫరెన్షియల్‌ని సబ్‌ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బుష్ (డిఫ్ బుష్) కూడా ఈ గొలుసులోదే. సబ్‌ఫ్రేమ్ గట్టిపడి డిఫ్ బుష్ చివికిపోయి ఉంటే ఆ ఊగుడంతా డిఫ్ దగ్గరే జరిగి దాని బోల్టు చోటు దెబ్బతింటుంది. అలాగని డిఫ్ బుష్‌కి 95 పాలీ వేయొద్దు. క్యాబిన్‌లోకి ఊళ వచ్చే ప్రధాన దారి అదే. సబ్‌ఫ్రేమ్‌కి 80 వేస్తే డిఫ్‌కి కొత్త రబ్బరు, లేదా 75.

బుష్ నిజంగా పోయిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. యాక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడు వెనక నుంచి ఠక్ మనడం, గట్టిగా బ్రేకు వేస్తే వెనక భాగం ఒక పక్కకి నడవడం, వెనక టైరు లోపలి అంచు త్వరగా అరగడం ప్రధాన గుర్తులు. ర్యాంపు మీద ఎక్కించి, సబ్‌ఫ్రేమ్‌కీ బాడీకీ మధ్య పొడవాటి రాడ్డు పెట్టి మెల్లగా నొక్కండి. రబ్బరు సాగి వెనక్కి రావడం సహజం. రబ్బరు, గొట్టం మధ్య గీతలా సందు తెరుచుకుంటే అతుకు ఊడినట్టే. నాలుగు చోట్లా మధ్య గొట్టం బుష్‌కి నడిమధ్యన ఉందో లేదో చూడండి. ఒక పక్కకి కుంగిపోయి ఉంటే రబ్బరు పని అయిపోయింది. డిఫ్ నుంచి ఆయిల్ కారి రబ్బరు మీద పడుతుంటే ముందు ఆ సీల్ మార్చండి. మినరల్ ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి స్పాంజిలా అవుతుంది, కొత్త బుష్ కూడా అదే దారి పడుతుంది.

పని చేసే పద్ధతి. ముందురోజు సాయంత్రమే నాలుగు బోల్టులకీ తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. బాడీ లోపల ఉండే నట్టు పట్టేసి తిరగడం మొదలుపెడితే సీటు కింద షీటు కోయాల్సిన గతి పడుతుంది. ఇంపాక్ట్ గన్‌తో ఒక్కసారే లాగొద్దు, చేతి పానాతో పావు చుట్టు విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పుతూ రావాలి. కారు స్టాండ్ల మీద ఉండాలి, జాకీ నమ్ముకుని కిందకి దూరొద్దు. సైలెన్సర్ వెనక ముక్క, ఏబీఎస్ వైరు క్లిప్పులు, బ్రేకు హోస్ బ్రాకెట్, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పాలి. 3 సిరీస్ లాంటి కార్లలో వెనక స్ప్రింగు ఆర్మ్‌కీ బాడీకీ మధ్య విడిగా ఉంటుంది. సబ్‌ఫ్రేమ్ దించినప్పుడు అది ఎగిరి తగలకుండా ముందే తీసి పక్కన పెట్టండి.

సబ్‌ఫ్రేమ్ మొత్తం దించక్కర్లేదు. వెనక బోల్టులు కొన్ని చుట్లు వదులు చేసి అలాగే ఉంచి, ముందు రెండూ పూర్తిగా విప్పి, జాకీ మీద నిదానంగా బుష్ అందే దాకా దించండి. బ్రేకు హోస్ బిగుసుకుంటుంటే అక్కడే ఆపేయాలి. ముందు రెండూ మార్చి బోల్టులు పెట్టాక వెనక రెండు. ఇలా చేస్తే సబ్‌ఫ్రేమ్ తన చోటు తప్పిపోదు.

పాత బుష్ తీసేముందు రెండు పనులు: ఖాళీలు ఏ దిక్కుకి ఉన్నాయో సబ్‌ఫ్రేమ్ మీద తెల్ల పెయింటుతో గుర్తు పెట్టాలి, బుష్ అంచు సబ్‌ఫ్రేమ్ అంచు నుంచి ఎంత పైకి ఉందో వెర్నియర్‌తో కొలిచి రాసుకోవాలి. లాగడానికి 10.9 గ్రేడు ఎం16 థ్రెడ్ రాడ్డు, దాని మరకి మాలీ గ్రీజు, నట్టు కింద థ్రస్ట్ బేరింగ్. నొక్కే బిళ్ల బుష్ బయటి వ్యాసం కంటే 1 మి.మీ. చిన్నది. బుష్ వచ్చి పడే కప్పు లోపలి వ్యాసం బుష్ కంటే 3, 4 మి.మీ. పెద్దది, గోడ మందం కనీసం 6 మి.మీ., లోతు బుష్ పొడవు కంటే 15 మి.మీ. ఎక్కువ. ఈ రెండూ ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. లారీ కింగ్‌పిన్ బుష్‌లు లాగే గ్యారేజీలో మధ్యలో రంధ్రం ఉన్న హైడ్రాలిక్ జాక్ దొరికితే ఇంకా సుఖం.

బుష్ రబ్బరు చిరిగి మధ్య భాగం ఒక్కటే ఊడొచ్చి బయటి గొట్టం లోపలే ఉండిపోవడం తరచూ జరిగేదే. గ్యాస్ టార్చితో కాల్చొద్దు. ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, పెట్రోలు ట్యాంకు కూడా అక్కడే ఉంటుంది. హ్యాక్సా బ్లేడు విప్పి గొట్టంలోంచి దూర్చి మళ్లీ బిగించి, గొట్టాన్ని నిలువుగా ఒకే చోట కోస్తూ రండి. గొట్టం మందం పూర్తవబోతుంటే బ్లేడు శబ్దం మారుతుంది, అక్కడ ఆపేసి సన్నటి ఉలితో అంచుని లోపలికి మడిస్తే వదులైపోతుంది. సబ్‌ఫ్రేమ్ రంధ్రంలో గీత పడితే కొత్త బుష్ అక్కడినుంచే వదులవడం మొదలుపెడుతుంది. పాలీ కిట్ కొన్నవాళ్లు గొట్టం తీసేముందు కిట్ కాగితం చదవండి. కొన్ని కిట్లకి పాత గొట్టం ఉండాలి, కొన్నిటికి ఉండకూడదు.

రంధ్రాన్ని 180 నంబరు ఎమరీతో తుప్పు పోయేదాకా రుద్ది తుడవండి. పాలీ బుష్ రంధ్రానికి అతుక్కోదు, మధ్యలోకి ఉప్పునీరు చేరుతుంది. కాబట్టి ఇక్కడా పలచటి ప్రైమర్ పూత, బుష్ అంచుల దగ్గర సిలికాన్ గ్రీజు. రబ్బరు బుష్‌కి సబ్బునీళ్లు తప్ప ఇంకేమీ పూయొద్దు, మామూలు గ్రీజు అసలే వద్దు. అల్యూమినియం బుష్‌ని ఇంట్లో ఫ్రీజర్‌లో రాత్రంతా పెడితే 65 మి.మీ. వ్యాసానికి సుమారు 0.07 మి.మీ. తగ్గుతుంది, నొక్కడానికి అంతే చాలు. సుత్తితో కొట్టి ఎక్కించడం ఏ మెటీరియల్‌కీ పనికిరాదు. వంకరగా దిగడం మొదలైతే తీసి మళ్లీ నేరుగా పెట్టాలి. పాలీ బుష్‌లో మధ్య ఇనుప గొట్టం పాలీ కంటే కాస్త పొడవుండాలి. బోల్టు బిగువంతా ఆ గొట్టం మీద పడాలి, పాలీ మీద కాదు. లేత్ షాపులో చేయించినవాళ్లు తప్పేది ఎక్కువగా ఇక్కడే.

నాలుగు బోల్టులూ చేత్తో మూడు నాలుగు మరలు పట్టాకే పానా పట్టండి. బాడీ మీద రెండు స్థిరమైన రంధ్రాల నుంచి సబ్‌ఫ్రేమ్‌కి అడ్డకొలతలు తీసి, రెండూ 2 మి.మీ. లోపు తేడాలోకి వచ్చాక మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో బిగించాలి. మాన్యువల్ టార్క్‌తో పాటు డిగ్రీలు కూడా చెబితే ఆ బోల్టులు ఒక్కసారికే, కొత్తవి వేయండి. మరకి నూనె పూసి అదే టార్క్ పెడితే బిగువు అవసరాన్ని మించిపోతుంది. విప్పిన ఆర్మ్ బోల్టులేవైనా ఉంటే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే తుది బిగింపు చేయాలి. చివరగా నాలుగు చక్రాల అలైన్‌మెంట్. ముందు చక్రాలు మాత్రమే చూసే చోటికి వెళ్లి లాభం లేదు, వెనక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం), క్యాంబర్ (చక్రం నిలువుకి వాలి ఉండటం), థ్రస్ట్ యాంగిల్ (వెనక చక్రాలు కారు నడిగీతకి పక్కకి చూస్తున్న కోణం) చూపించే మెషీన్ కావాలి. థ్రస్ట్ యాంగిల్ సున్నాకి దగ్గరగా రాకపోతే సబ్‌ఫ్రేమ్ వంకరగా కూర్చుందన్నమాట. మళ్లీ వదులు చేసి సర్దాలి, టో తిప్పి దాన్ని కప్పిపుచ్చకూడదు.

బోల్టు తలకీ సబ్‌ఫ్రేమ్‌కీ కలిపి పెయింటు గీత గీసి ఉంచండి. 500 కిలోమీటర్లయ్యాక ర్యాంపు ఎక్కించినప్పుడు ఆ గీత విడిపోయిందేమో ఒక్క చూపులో తెలుస్తుంది. అదే రోజు ఎన్‌హెచ్-16 మీద మ్యూజిక్ ఆపి, అద్దాలు ఎక్కించి, 80 దగ్గర యాక్సిలరేటరు వదిలి 60కి దిగేదాకా వినండి. బుష్‌లు మార్చకముందు కూడా ఇదే పరీక్ష చేసి ఉంటే పోల్చుకోవడం తేలిక. వదిలినప్పుడు మాత్రమే ఊళ వస్తే అది డిఫ్ గేర్లది, ఇదివరకూ ఉన్నదే, గట్టి బుష్ దాన్ని ఇప్పుడు లోపలికి తెస్తోంది. మరీ ఇబ్బందిగా ఉంటే సబ్‌ఫ్రేమ్ బుష్‌లు ముట్టుకోకుండా డిఫ్ బుష్ ఒక్కటి రబ్బరుకి మార్చి చూడండి.